అప్‌డేట్: డిఫరెన్షియల్ బ్యాకప్ ఫుల్ బ్యాకప్‌ను మించిపోవడానికి కారణం తెలిసింది

ఒంగోలులోని మా గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్‌కు ఆదివారం తీసే ఫుల్ బ్యాకప్ (మొత్తం కాపీ) 38 జీబీ ఉండగా, శుక్రవారం నాటి డిఫరెన్షియల్ (ఆ ఫుల్ తర్వాతి మార్పుల కాపీ) 44 జీబీకి చేరుతోందని, ఇదెలా సాధ్యమని రెండు వారాల క్రితం అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. సమస్య తీరింది.

డిఫరెన్షియల్ అంటే డేటాబేస్‌లో మారిన భాగం మాత్రమేనని నేను పొరబడ్డాను. నిజానికి అది మెయిళ్లుండే డేటాబేస్ ఫైలును (ఈడీబీ) ముట్టుకోదు. చివరి ఫుల్ బ్యాకప్ తర్వాత పేరుకున్న ట్రాన్సాక్షన్ లాగ్ ఫైళ్లను, అంటే ప్రతి మార్పునూ వరుసగా రాసుకునే 1 ఎంబీ ఫైళ్లను, కాపీ చేస్తుందే తప్ప తొలగించదు. ఒకే అంశాన్ని వందసార్లు మార్చినా డేటాబేస్ పెద్దగా పెరగదు గానీ, ఆ వంద మార్పులూ లాగ్‌లో నమోదవుతాయి. అందుకే ఫుల్ బ్యాకప్ విజయవంతంగా ముగిసి లాగ్‌లు తొలగేంతవరకు డిఫరెన్షియల్ రోజురోజుకూ పెరుగుతూనే ఉంటుంది.

లాగ్ ఫైళ్లు గంటకెన్ని పుడుతున్నాయో లెక్కించమన్న సలహాయే దారి చూపింది. అందరూ ఇళ్లకు వెళ్లాక, రాత్రి వేళ కూడా అవి అదే వేగంతో వస్తున్నాయి. చీమకుర్తి క్వారీ పర్యవేక్షకుని ఫోన్‌లో ఒక మీటింగ్ ఆహ్వానం తెగని సింక్‌లో (సర్వర్‌తో సరిచూసుకోవడంలో) చిక్కుకుని పదేపదే లాగ్‌లు పుట్టిస్తోందని సర్వర్ నిపుణుడు కనుగొన్నారు. ఆ ఖాతాను ఫోన్ నుంచి తీసి మళ్లీ చేర్చాక, ఈ శుక్రవారం డిఫరెన్షియల్ 5 జీబీ దాటలేదు.

కొందరు అనుమానించిన ఈడీబీలోని ఖాళీ స్థలానికి, యాంటీవైరస్‌కు దీనితో సంబంధం లేదని తేలింది. సర్క్యులర్ లాగింగ్ (బ్యాకప్ కోసం ఆగకుండా పాత లాగ్‌లను తొలగించే అమరిక) ఆన్ చేయమన్న సలహాను మాత్రం దయచేసి పాటించకండి. అది ఆన్‌లో ఉంటే డిఫరెన్షియల్ తీయడమే కుదరదు.