ఫ్లోరిన్ రసాయనాలు, కాలేయం, పరగడుపు షుగరు: మీ అనుభవాలు చెప్పండి

చిత్తూరు గృహిణి:
మా వారు రాత్రి సంగటి కొంచెమే తిన్నా పొద్దున పరగడుపున షుగరు 130 దాటుతోంది. మా దోసె పెనం అంచున అట్లకాడ తగిలి తగిలి నల్లటి పూత పొరలుగా లేచిపోయింది. అందులోని ఫ్లోరిన్ రసాయనాలు కాలేయంలో చేరి షుగరు పెంచుతాయని చదివాక దాని మీద దోసె పోయడానికి మనసొప్పడం లేదు.

తిరుపతి, రసాయనశాస్త్ర అధ్యాపకురాలు:
అమ్మా, మనం నిద్రపోతున్నంతసేపూ రక్తంలో చక్కెర పడిపోకుండా చూసేది కాలేయమే. గ్లైకోజన్ రూపంలో దాచుకున్న చక్కెరను విడగొట్టి, అది చాలనప్పుడు లాక్టేటు, అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజును కొత్తగా తయారుచేసి వదులుతుంది. ఇన్సులిన్‌కు కాలేయం సరిగా స్పందించకపోతే ఆ తయారీ తగ్గక పరగడుపు అంకె పెరుగుతుంది. పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు నిర్మాణంలో కొవ్వు ఆమ్లాలను పోలి ఉండటంవల్ల, కాలేయంలో వాటిని మోసే ప్రొటీనుకు అతుక్కుని, కొవ్వు వినియోగాన్ని నియంత్రించే పీపీఏఆర్-ఆల్ఫా అనే గ్రాహకాన్ని (కణంలో సంకేతాన్ని అందుకునే ప్రొటీనును) ప్రేరేపిస్తాయి. కొవ్వు, చక్కెరల జీవక్రియలు అక్కడ పెనవేసుకుని ఉంటాయి కనుక ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. ఎలుకల్లో కాలేయం పెరగడం, కొన్ని ప్రయోగాల్లో గ్లైకోజన్ తగ్గడం కనిపించాయి. అయితే మనుషుల్లో ఈ గ్రాహకం అంత తీవ్రంగా స్పందించదు.

ఇక పెనం సంగతి. పూత పదార్థమైన పీటీఎఫ్‌ఈ చాలా పెద్ద అణువు, ఊడిన ముక్క అరగకుండానే బయటికి పోతుంది. పీఎఫ్‌ఓఏ ఒకప్పుడు ఆ పూత తయారీలో వాడిన సహాయక రసాయనం. 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం (త్వరగా నశించని విష రసాయనాలపై దేశాల మధ్య ఒప్పందం) దాన్ని నిర్మూలించవలసినవాటి జాబితాలో చేర్చింది. ఖాళీ పెనాన్ని మాత్రం పొగలు వచ్చేదాకా కాల్చకండి.

పుంగనూరు రైతు:
మా బోరు నీటి పరీక్షలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందని వచ్చింది. ఇదీ అదేనా మేడమ్?

అధ్యాపకురాలు:
కాదండీ. మీ బోరులోది రాళ్ల నుంచి కరిగిన ఖనిజ లవణం, పళ్లను, ఎముకలను దెబ్బతీస్తుంది. మేము మాట్లాడుతున్నవి కర్బనానికి ఫ్లోరిన్ గట్టిగా బంధించి ఫ్యాక్టరీల్లో తయారుచేసినవి. మీ సమస్యకు వెంటనే తాగునీరు మార్చుకోవడం అవసరం, పిల్లలున్న ఇల్లయితే మరీను.

తిరుపతి, ల్యాబ్ టెక్నీషియన్:
మనుషుల్లో ఆధారాలు ఒకే దారిలో లేవని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. అమెరికాలో మధుమేహం ముప్పు ఉన్నవారిపై జరిగిన ఒక అధ్యయనంలో, ఈ రసాయనాలు రక్తంలో ఎక్కువున్నవారిలో ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం, కొంత ఎక్కువగా కనిపించింది. పశ్చిమ వర్జీనియా, ఒహాయోలలో పీఎఫ్‌ఓఏ కలిసిన నీరు తాగిన దాదాపు 69,000 మంది వివరాలు చూసిన నిపుణుల బృందమేమో 2012లో అధిక కొలెస్టరాల్, థైరాయిడ్ వ్యాధి వంటి ఆరింటికి సంబంధం ఉండవచ్చని చెప్పి, టైప్ 2 మధుమేహాన్ని అందులో చేర్చలేదు. అయినా శరీరంలో చేరిన పీఎఫ్‌ఓఏ సగానికి తగ్గడానికే రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి తక్కువ మోతాదేలే అని ఊరుకోవడం నాకు సమ్మతం కాదు.

చిత్తూరు గృహిణి:
అమ్మమ్మ ఇచ్చిన ఇనుప పెనం అటకమీద నుంచి దించాను, నూనె పట్టించి పదును చేస్తున్నాను. నీళ్లు కాచి తాగితే ఆ రసాయనాలు పోతాయా?

అధ్యాపకురాలు:
పోవు, నీరు ఆవిరై అవి ఇంకాస్త చిక్కబడతాయి. ఆర్‌వో, యాక్టివేటెడ్ కార్బన్ వడపోతలు బాగా తగ్గిస్తాయి, కార్బన్‌ను మాత్రం గడువు ప్రకారం మార్చాలి. మీ వారికి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీతో పాటు కాలేయంలో కొవ్వు ఉందేమో స్కానింగ్ కూడా చేయించాలా అని డాక్టరుగారిని అడగండి. పరగడుపు షుగరు పెరగడానికి మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే కారణాల్లో కాలేయంలో కొవ్వు ఒకటి.