ఇంటి చదువు రెండో ఏడాది: పాతిక వేలు పుస్తకాల మీద పెట్టాలా, మనుషుల మీద పెట్టాలా?

సరూర్‌నగర్ అమ్మ:
గత జూన్‌లో మా అమ్మాయిని నాలుగో తరగతికి బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టాము. ఏడాది గడిచిందని మొన్న ఆదివారం ఖర్చుల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే లెక్క 60,000 రూపాయలకు తేలింది. అందులో విదేశీ వర్క్‌బుక్కుల సెట్టుకు 24,000, ఆన్‌లైన్ లెక్కల క్లాసుల చందాకు 15,000, సైన్సు కిట్లకు 9,000, ఈతకు, బొమ్మల క్లాసుకు కలిపి 8,000 పోగా, మిగిలిన 4,000 ప్రింట్లకు, బస్సు ఛార్జీలకు అయ్యాయి. సెట్టులోని పదకొండు పుస్తకాల్లో నాలుగు సగం కూడా దాటలేదు. డాలర్లు, సెంట్లు, అంగుళాలతో నిండిన లెక్కలను రూపాయల్లోకి, సెంటీమీటర్లలోకి మార్చి చెప్పడానికే నా సాయంత్రాలు సరిపోయాయి. మైక్రోస్కోపు ఉల్లిపొర చూసిన రెండు రోజులు తప్ప అటక దిగలేదు.

ఒక్క సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. 3 కన్నా 250 పెద్దది కనుక 1.3 కన్నా 1.250 పెద్దదని పాప ఆరు వారాలు వాదించింది, ఆన్‌లైన్ టీచరు ఎన్ని బొమ్మలు గీసినా ఒప్పుకోలేదు. ఒకనాడు రైతుబజారులో కాటా మీద టమాటాలు 1.250 చూపిస్తుండగా అమ్మే ఆవిడ ఇంకొక కాయ వేసింది, అంకె 1.300 అయింది. పాప కాటా వైపే చూస్తూ, “అమ్మా, 1.3 అంటే ఇదేనా?” అని అడిగింది. అక్కడితో ఆ వాదన ముగిసింది.

వచ్చే ఏడాదికి మేము పెట్టగలిగింది 25,000 మాత్రమే. సెట్టు మానేసి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలతో చెప్పి, డబ్బును హిందీ టీచరుకు, ఆటలకు పెడదామని నేను అంటున్నాను. సెట్టు లేకపోతే చదువు వరస తప్పుతుందని మావారు అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

గుంటూరు నాన్న:
అమ్మా, మీ ఖర్చుల పుస్తకంలో అసలు పద్దే లేదు. మీరు ఉద్యోగం మానుకుని ఉంటే ఆ జీతం ఏ వరుసలో రాశారు? మేమూ రెండేళ్లు ఇంట్లో చదివించి, ఆరో తరగతికి బాబును బడికి పంపాము. పాఠాల్లో వెనకబడలేదు కానీ, ఒక పీరియడంతా ఆగకుండా నోట్సు రాయడం చేతకాక మూడు నెలలు ఏడ్చాడు. చట్టం మాట కూడా ఒకసారి చూసుకోండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 2009 విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ చెబుతోంది. చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష ఏదీ ఆ సెక్షన్‌లో లేదు, నిజమే. అదే చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడికి దూరంగా ఉన్న పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, కనుక తిరిగి వెళ్లే దారి తెరిచే ఉంది. డబ్బు కటకటగా ఉన్నప్పుడు ఆ దారి పట్టడంలో నామోషీ ఏముంది?

లెక్కల మాస్టారు (రిటైర్డ్):
ప్రభుత్వ పుస్తకాలను తక్కువగా చూడవద్దు. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండేలా పుస్తకాలు వేస్తున్నారు, వాటిని తయారుచేసే రాష్ట్ర విద్యా సంస్థ ఎస్సీఈఆర్టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అయితే అవి ముప్పై మంది పిల్లలు, ఒక టీచరు ఉన్న గదిని మనసులో పెట్టుకుని రాసినవి. “జట్లుగా చర్చించండి” అన్న చోట మీ పాప ఒక్కతే ఏ జట్టు కడుతుంది? అభ్యాసాలూ చాలవు, చాలని చోట చేతితో రాసి ఇవ్వవలసిందే. మీవారు చెప్పిన వరస లెక్కలకు ఎంతైనా అవసరం. భిన్నాలు పట్టుబడకుండా దశాంశాలకు వెళ్లినందువల్లనే మీకు ఆ ఆరు వారాలు పట్టాయని నా అనుమానం. సాంఘికశాస్త్రానికి మాత్రం ఆ బెంగ అక్కరలేదు, ఎక్కడ మొదలుపెట్టినా నష్టం లేదు.

పరీక్షల గురించి ఇప్పుడే కంగారుపడనక్కరలేదు. బడికి వెళ్లకుండానే పరీక్ష రాయనిచ్చే జాతీయ ఓపెన్ స్కూలు సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలు ఉన్నాయి, పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టవచ్చు. రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూలు సొసైటీలు కూడా ఉన్నాయి.

పిట్స్‌బర్గ్ నుంచి ఒక అక్క:
ఇక్కడ పెన్సిల్వేనియాలో ఇంట్లో చదివించేవారు ప్రాథమిక స్థాయిలో ఏడాదికి 180 రోజులు లేదా 900 గంటలు చదివించి, పిల్లల పనిని భద్రపరిచి, అర్హత ఉన్నవారికి చూపించి మదింపు చేయించుకోవాలి. మొదట్లో ఇదేమి గోల అని విసుక్కున్నాను. కానీ ప్రతి సబ్జెక్టులో ఏడాది మొదట, మధ్యలో, చివర రాసిన కాగితం ఒక్కొక్కటి దాచడం అలవాటయ్యాక, మా వాడు ఎక్కడ ఆగిపోయాడో నాకు ఏ యాప్ అవసరం లేకుండా తెలిసింది. దానికి అయ్యే ఖర్చు ఒక ఫైలు మాత్రమే.

సరూర్‌నగర్ అమ్మ:
గుంటూరు అన్నయ్యగారూ, ఒప్పుకుంటున్నాను. నెలకు 22,000 వచ్చే పార్ట్‌టైమ్ ఉద్యోగం మానుకున్నాను, అంటే ఏడాదికి 2,64,000. దాని ముందు ఈ పాతిక వేల గొడవ చిన్నదే. అయినా ఆ జీతం వదులుకున్నది పాప పక్కన కూర్చోవడానికి. ఆ సమయం డాలర్లను రూపాయల్లోకి మార్చడానికి పోతే రెండు వైపులా నష్టం. మాస్టారూ, భిన్నాల విషయంలో మీ అనుమానం నిజమే, సెట్టులో అవి తరువాతి పుస్తకంలో ఉన్నాయి.

రాసుకున్న లెక్క ఇది: హిందీ టీచరుకు నెలకు వెయ్యి చొప్పున పది నెలలకు 10,000, ఈతకు, ఖోఖోకు 8,000, పుస్తకాలకు, ప్రింట్లకు 3,000, మ్యూజియం, బిర్లా ప్లానెటోరియం వంటి తిరుగుళ్లకు 2,000, చేతిలో 2,000. అక్కగారు చెప్పిన ఫైలు నిన్ననే కొన్నాను. సెప్టెంబరు కాగితాలు చూసి, లెక్కల్లో వరస తప్పిందనిపిస్తే ఆ ఒక్క వర్క్‌బుక్కు కొందామన్న షరతు మీద మావారు సరే అన్నారు.

గుంటూరు నాన్న:
లెక్క బాగుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు పాప ఎవరితో కూర్చుని అన్నం తింటుందమ్మా?

సరూర్‌నగర్ అమ్మ:
నాతోనే. సాయంత్రం నాలుగున్నరకు వీధి పిల్లలు బడి నుంచి వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడుతోంది. చేతిలో ఉంచుకున్న ఆ రెండు వేలకు ఇంకా పద్దు రాయనిది అందుకే.