రెండు కుర్చీల లెక్క: 20 శాతం లాభం, 20 శాతం నష్టం అయితే సమానం కాదా?

ప్రశ్న:
నమస్తే అండి. మా పాప ఏడో తరగతి. లాభనష్టాల పాఠంలో ఈ లెక్క దగ్గర ఇద్దరం ఆగిపోయాం. "ఒక వ్యాపారి రెండు కుర్చీలను ఒక్కొక్కటి రూ. 960 చొప్పున అమ్మాడు. ఒకదానిపై 20 శాతం లాభం, రెండోదానిపై 20 శాతం నష్టం వచ్చింది. మొత్తం మీద లాభమా, నష్టమా? ఎంత శాతం?" ఇరవై వచ్చింది, ఇరవై పోయింది, ఇంకేముంది సమానమే కదా అంటోంది పాప. వెనక జవాబుల్లో చూస్తే 4 శాతం నష్టం అని ఉంది. సమీకరణంతో చెబుదామంటే ఎక్స్ పేరెత్తగానే టెన్షన్ పడిపోతోంది. ఎక్స్ లేకుండా చెప్పే దారి ఏదైనా ఉందా?

జవాబు:
దీనికి షార్ట్‌కట్ ఉంది మేడమ్. 20ని 20తో గుణించి 100తో భాగించండి, 4 వస్తుంది. ఇలాంటి లెక్కల్లో ఎప్పుడూ నష్టమే. బ్యాంకు పరీక్షలకు మేం ఇలాగే చేసేవాళ్లం.

జవాబు:
తమ్ముడూ, నువ్వు చెప్పింది ఈ లెక్కకు సరిపోతుంది, కానీ ఏడో తరగతి పిల్లకు ముందే అది చేతికివ్వకూడదని నేను గట్టిగా అంటాను, ఎందుకంటే రెండు అమ్మిన వెలలూ సమానమై, రెండు శాతాలూ ఒకటే అయితేనే అది పనిచేస్తుంది. అదే రెండు కుర్చీలూ వెయ్యి చొప్పున కొన్నాడని ఇస్తే ఒకదానిమీద 200 లాభం, ఇంకోదానిమీద 200 నష్టం, అక్కడ పాప చెప్పిన జవాబే కరెక్టు.

అమ్మా, మీరు పాపను ముందు ఒక్కటే అడగండి: 20 శాతం అంటే దేంట్లో 20 శాతం? లాభనష్టాల శాతం కొన్న వెల మీద కడతాం. ఈ లెక్కలో ఇచ్చినవి అమ్మిన వెలలు, కొన్న వెలలు మనమే పట్టుకోవాలి. నష్టం కుర్చీకి చాలామంది పిల్లలు 960లో 20 శాతం, అంటే 192 తీసి, దాన్ని కలిపేసి 1152కి కొన్నాడంటారు. మీ పాపా అలా అంటే వెంటనే తప్పు అనకండి, సరిచూడమనండి. 1152లో 20 శాతం 230 రూపాయల 40 పైసలు, అది తీసేస్తే 921.60 మిగులుతుంది, 960 రాదు. తేడా ఎక్కడొచ్చిందో తనే వెతుక్కుంటుంది, ఆ వెతుకులాటకు ఎంతసేపు పట్టినా పట్టనివ్వండి.

తర్వాత గళ్ల కాగితం తీయండి. 20 శాతం అంటే ఐదో వంతు, కాబట్టి కొన్న వెలను ఐదు గళ్లుగా గీయమనండి. నష్టం కుర్చీకి ఒక గడి పోయింది, మిగిలిన నాలుగు గళ్లు 960, అంటే గడికి 240, కొన్న వెల 1200. లాభం కుర్చీకి ఐదు గళ్ల పక్కన ఇంకో గడి చేరింది, ఆరు గళ్లు 960, గడికి 160, కొన్న వెల 800. గడి విలువ రెండు కుర్చీలకీ ఒకటి కాదు, సమానం ఎందుకు కాలేదో అక్కడే కనిపిస్తుంది. మొత్తం కొన్నది 2000, అమ్మింది 1920, నష్టం 80. రెండు వేలలో ఎనభై అంటే 4 శాతం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ మాస్టారూ! గళ్లు గీయగానే "ఓ, పెద్ద కుర్చీ మీద నష్టం, చిన్నదాని మీద లాభమా" అంది. 25 శాతమైతే నాలుగు గళ్లు గీయాలి కదండీ? స్కూల్లో కాస్ట్ ప్రైస్, సెల్లింగ్ ప్రైస్ అంటారు, నేను తెలుగులో చెబితే ఇబ్బందా?

జవాబు:
నాలుగే అమ్మా. తెలుగులోనే మాట్లాడుకోండి, నోట్స్‌లో స్కూల్లో చెప్పినట్టు రాయిస్తే చాలు. 12 శాతం, 15 శాతం లాంటివి వస్తే మాత్రం గళ్లు కుదరవు, కొన్నది 100 అనుకుని మొదలుపెట్టించండి.

ఇంకో లెక్క ఇస్తున్నా, షార్ట్‌కట్ తమ్ముడు కూడా చేయొచ్చు. రెండు బ్యాగులు 600 చొప్పున అమ్మాడు, ఒకదానిమీద 50 శాతం లాభం, ఇంకోదానిమీద 25 శాతం నష్టం. కొన్న వెలలు 400, 800 వస్తే సరిగ్గా చేసినట్టే. మొత్తం 1200కి కొని 1200కే అమ్మాడు, ఇక్కడ నష్టం లేదు.