ఇండోనేషియా బాతిక్, ఇక్కత్ బట్టలు ఏడాది పొడుగునా వేసుకునేవాళ్ళు ఉన్నారా? కత్తెర వెయ్యాలా వద్దా?

కొత్త_జకార్తా:

అందరికీ నమస్తే. జకార్తా వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చిన మొదటి శుక్రవారం తెల్ల షర్టు, నల్ల ప్యాంటు వేసుకుని ఆఫీసుకెళ్తే ఫ్లోర్ మొత్తం మీద బాతిక్ లేనిది నేనొక్కదాన్నే. టీ తెచ్చిచ్చే అబ్బాయి కూడా నీలం మబ్బుల చొక్కాలో ఉన్నాడు (అది చిరెబొన్ వాళ్ళ డిజైన్ అని, మెగామెందుంగ్ అంటారని తర్వాత తెలిసింది). ఆ సిగ్గుతో కొనడం మొదలుపెట్టాను, ఇప్పటికి అల్మరాలో పదకొండు గుడ్డలు చేరాయి. జావాలోని సోలో ఊరు వెళ్ళినప్పుడు పసర్ క్లెవెర్ అనే బట్టల బజార్లో కొన్నవి ఆరు, పెకలోంగన్ ఊరివి పూలూ పిట్టలూ ఉన్నవి రెండు, బాలీ ఇక్కత్ (ఎండెక్ అంటారు) ఒకటి, సుంబా దీవి ఇక్కత్ ఒకటి (ఆ బిల్లు చూసి మా ఆయన రెండ్రోజులు మాట్లాడలేదు), ఇంకొకటి ఉలోస్ (సుమత్రాలో బతక్ తెగవాళ్ళ నేత గుడ్డ), మా టీమ్‌లో ఉన్న బతక్ అమ్మాయి వాళ్ళమ్మ ఇచ్చింది.

కుట్టించింది మాత్రం ఒక్కటే, అదీ పాడైపోయింది. పెకలోంగన్ గుడ్డని దగ్గర్లో ఉన్న టైలర్‌కిచ్చి కుర్తా అని చెప్పాను. ముందు బాగానే ఉంది, వెనక పిట్టలన్నీ తలకిందులు. గుడ్డని భుజం దగ్గర మడిచి ఒకే ముక్కగా కోసేశాడు, డిజైన్‌కి పైనా కిందా ఉందని చూసుకోలేదు, నేనూ చెప్పలేదు. వేసుకుని తిరుగుతుంటే పిట్టలు నా వీపు మీంచి జారి పడుతున్నట్టు ఉంటుంది.

అందుకే మిగతావాటిని ముట్టుకోవాలంటే భయం. వీటిని శుక్రవారానికే కాకుండా రోజూ, ఎండకీ వానకీ, రేపు హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా వేసుకోవాలని ఉంది. కుట్టించాలా, చుట్టుకోవాలా? ఏ డిజైన్ ఎక్కడ వేసుకోకూడదు లాంటి పట్టింపులున్నాయా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పద్నాలుగేళ్ళ_జావా:

అమ్మాయ్, ముందు ఆ కుర్తా పారెయ్యకు, వెనక భాగం విప్పించి కుషన్ కవర్ కుట్టించుకో.

ఇక్కడ సీజన్ అంటే వాన పడే నెలలు, పడని నెలలు, అంతే. చెమట మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. కాబట్టి ఏ నెలలో ఏది అన్న లెక్క కంటే, గుడ్డ దేనితో నేసిందీ, రంగు ఎలా వేసిందీ అన్నది చూడాలి. బాతిక్ అంటే మైనం అడ్డుపెట్టి రంగు వేసిన గుడ్డ. అందులో చేత్తో గీసింది తులిస్, అంటే చాంతింగ్ అనే చిన్న రాగి ముక్కు ఉన్న పనిముట్టుతో కరిగించిన మైనం పోస్తూ గీస్తారు. రాగి అచ్చుతో మైనం అద్దింది చాప్. మూడోది మామూలు ప్రింటు, అందులో మైనమే ఉండదు, నిజానికి అది బాతిక్ డిజైన్ ఉన్న గుడ్డ మాత్రమే. తిప్పి చూస్తే తెలిసిపోతుంది, తులిస్‌కి వెనక కూడా దాదాపు అంతే ముదురుగా ఉంటుంది, ప్రింటు వెనక వెలవెలబోతుంది. చాప్ అయితే అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, వెతుకు.

రోజువారీకి నా ఓటు చాప్‌కే. లక్షన్నర రుపియా అంటే కంగారుపడకు, మన డబ్బుల్లో సుమారు ఎనిమిదొందలు, ఆ ధరల్లో నూలు మీద మంచి చాప్ దొరుకుతుంది. వాటిని ధైర్యంగా కుట్టించు, కానీ టైలర్ ముందు గుడ్డ పరిచి, తల ఎటో చాక్‌పీస్‌తో బాణం గుర్తు పెట్టి మరీ ఇవ్వు. తులిస్ అయితే నేను కొయ్యను. ఒక మనిషి నెలలు కూర్చుని గీసినదాన్ని చంక దగ్గర కోసి పారెయ్యడానికి చెయ్యి రాదు. చుట్టుకుంటాను. ఇక్కడి కుర్రకారు ఇప్పుడు చేస్తున్నది కూడా అదే, కైన్, అంటే కుట్టని పొడుగు గుడ్డ, చుట్టుకుని పైన టీషర్టు, కాళ్ళకి స్నీకర్స్, అలాగే మెట్రో ఎక్కేస్తారు. రెండున్నర మీటర్ల గుడ్డ, మనకి చీర కట్టుకున్న చేతులు కాబట్టి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ముందు సన్నగా కుచ్చిళ్ళు పెడతారు, విరు అంటారు. యోగ్యా (యోగ్యకర్తా) వాళ్ళు అంచు తెల్లగీత కనిపించేలా మడుస్తారు, సోలో వాళ్ళు దాన్ని లోపలికి దాచేస్తారు. ఈ తేడా మీద మా పక్కింటి ఆవిడ అరగంట మాట్లాడగలదు. వానల్లో మాత్రం పిక్కల దాకా పైకి కట్టుకో, లేదంటే మోకాళ్ళ దాకా తడిసి బరువెక్కి నడవలేవు.

ఇంకో కిటుకు, కొనేటప్పుడు పగి-సోరే అని అడుగు. పొద్దున-సాయంత్రం అని అర్థం. ఒకే గుడ్డలో రెండు డిజైన్లు, సగం ముదురు సగం లేత. పగలు ఒక వైపు పైకి వచ్చేలా చుట్టుకుని, సాయంత్రం తిప్పి కట్టుకుంటే వేరే గుడ్డ అనుకుంటారు. పొద్దున ఆఫీసు, రాత్రి డిన్నర్, మధ్యలో ఇంటికెళ్ళే పని లేదు.

పట్టింపులా, ఉన్నాయి. పరాంగ్ అనే ఏటవాలు కత్తుల్లాంటి డిజైన్ ఒకప్పుడు రాజకుటుంబానికే, ఇప్పుడు బయట ఎవరైనా వేసుకుంటారు కానీ యోగ్యా కోటలోపలికి వెళ్ళేటప్పుడు వద్దు. త్రున్తుమ్ అనే డిజైన్ పెళ్ళిలో వధూవరుల అమ్మానాన్నలు కట్టుకునేది. నేను చేసిన ఘనకార్యం చెప్తా విను. వచ్చిన కొత్తలో నలుపూ తెలుపూ త్రికోణాలున్న గుడ్డ బాగుందని స్కర్టు కుట్టించుకుని ఒక సీమంతానికి వెళ్ళాను. ఇక్కడ ఏడో నెలలో చేస్తారు, మితోని అంటారు. కడుపుతో ఉన్న అమ్మాయికి ఒకదాని తర్వాత ఒకటి ఏడు గుడ్డలు చుట్టి చూపిస్తారు, ప్రతిదానికీ చుట్టూ ఉన్న ఆడవాళ్ళు 'ఊహూ, నప్పలేదు' అని అరుస్తారు, చివర్లో సాదా చారల లురిక్ చుడితే 'ఆ, ఇది నప్పింది' అంటారు. ఎంత పట్టు బట్ట కట్టినా ఆఖరికి నెగ్గేది ఆ నూలు చారల గుడ్డే, నాకు భలే నచ్చుతుంది ఆ ఘట్టం. సరే, అక్కడ ఒక ముసలావిడ నా స్కర్టు అంచు పట్టుకుని మెల్లగా చెప్పింది, ఇది స్లోబోగ్ అమ్మా, చావింటికి కట్టుకునేది అని. ఎవరూ ఏమీ అనలేదు, నవ్వారంతే, కానీ నేను ఆ పూటంతా బ్యాగు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

చిటికి_ఇంటివాడు:

మాది పోచంపల్లి పక్క ఊరు, తాతల నుంచి మగ్గమే. మా అమ్మ ఆసు పోస్తుంటే చూస్తూ పెరిగాను కాబట్టి మీ పదకొండింట్లో ఇక్కత్ గురించే చెప్తాను.

ఎండెక్ పేకకి (అడ్డం దారానికి) చిటికి కట్టి, అంటే రంగు అంటకుండా అక్కడక్కడా ముడులు కట్టి నేసింది. అది పల్చగా, మెత్తగా ఉంటుంది, కుట్టుకి బాగా లొంగుతుంది. ఫ్రాన్స్ ఫ్యాషన్ కంపెనీ డియోర్ వాళ్ళు 2021 వేసవి బట్టల్లో కోట్లు కుట్టింది ఈ ఎండెక్‌తోనే. సుంబాది వేరే కథ, అక్కడ పడుగుకి (నిలువు దారానికి) కడతారు, దారం లావు, గుడ్డ బరువు, గుర్రాలూ కోళ్ళూ మనుషులూ పొడుగు వైపున వస్తారు. దాన్ని కోస్తే ఏ గుర్రానికో తల ఎగిరిపోతుంది. పైగా మగవాళ్ళు కట్టే హింగ్గి జతగా నేస్తారు, ఒకటి నడుముకి, ఒకటి భుజానికి. మీ దగ్గరున్నది హింగ్గి అయితే దాని జోడీ ఎక్కడో ఉండే ఉంటుంది. దానికి కత్తెర పెట్టకండి మేడమ్, చేతులెత్తి దండం పెడతా. చలువ గదుల ఆఫీసుల్లో శాలువాలా కప్పుకోండి, హైదరాబాద్‌లో డిసెంబర్ పొద్దుటి పూట కూడా అదే సరిపోతుంది.

ఉలోస్ కూడా అంతే. బతక్ వాళ్ళలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ భుజాల మీద కప్పి ఇస్తారు, మన దగ్గర శాలువా కప్పడం కంటే బరువైన సంగతి అది, దీవెన లెక్క. ఉలోస్‌తో జాకెట్లు, బ్యాగులు కుట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు, అది వాళ్ళ ఇష్టం, కానీ మీకు ఒక తల్లి ఇచ్చినదాన్ని కోయించి ఆవిడ కూతురి ఎదురుగా వేసుకెళ్తారా? కుట్టాలనిపిస్తే బజార్లో ఇంకోటి కొనుక్కోండి.

మెషీన్ ప్రింటు ఇక్కత్ బాలీ బజార్ల నిండా ఉంది, మన దగ్గర బేగంబజార్ నిండా ఉన్నట్టే. అసలుదానికి ఉల్టా సీదా ఉండదు, రెండు పక్కలా ఒకే రంగు, బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అంచు గీత గీసినట్టు నీటుగా ఉంటే అనుమానపడండి.

ఊరికే_అడుగుతున్నా:

అంతా బాగుంది గానీ మన కలంకారీ, పోచంపల్లి, మంగళగిరి ఉండగా ఈ పరాయి గుడ్డల మీద మోజెందుకో అర్థం కాదు. మన నేతగాళ్ళు పూట గడవక అల్లాడుతుంటే జకార్తాలో లక్షలు పోసి కొనడం ఏమిటి?

చిటికి_ఇంటివాడు:

అన్నా, నేనే నేతగాణ్ణి, నాకే లేని బాధ మీకెందుకు. ఆవిడ ఉంటున్నది జకార్తాలో, అక్కడి నేతగాడూ తినాలి కదా. ఇంకో మాట, ఇక్కత్ అనే పేరే వాళ్ళ భాషది, కట్టడం అని అర్థం, మా ఇంట్లో మేం చిటికి అనే అంటాం. పడుగూ పేకా రెండూ కట్టి నేసే గెరింగ్‌సింగ్ బాలీలో తెంగనన్ అనే ఒక్క ఊళ్ళోనే నేస్తారు, మన పుట్టపాకలో తేలియా రుమాలు నేసే పద్ధతీ అదే. రెండు గుడ్డలూ పక్కపక్కన పెట్టి చూస్తే పరాయి అనే మాట మీ నోట రాదు.

పద్నాలుగేళ్ళ_జావా:

ఆయన చెప్పిందానికి తోడు, 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు మచిలీపట్నంలో దుకాణం పెట్టింది మన అద్దకం బట్టలు ఈ దీవులకి తెచ్చి సుగంధ ద్రవ్యాలు కొనడానికే. మన గుడ్డలు కట్టుకుని మురిసిపోయిన వాళ్ళు వీళ్ళు. ఇప్పుడు మనం వాళ్ళవి కట్టుకుంటే తప్పేంటి బాబూ.

ఉట్రెక్ట్_బావ:

మగవాళ్ళ తరఫున ఒక మాట. నేను జకార్తాలో నాలుగేళ్ళుండి ఇప్పుడు నెదర్లాండ్స్‌లో ఉన్నాను. జకార్తాలో పొడుగు చేతుల బాతిక్ చొక్కా అంటే కోటు, టై కింద లెక్క, పెళ్ళికైనా మంత్రి దగ్గరికైనా అదే. 1994లో బోగోర్‌లో ఆసియా-పసిఫిక్ దేశాల కూటమి అపెక్ సమావేశానికి వచ్చిన దేశాధినేతలందరికీ అదే తొడిగించారు. మండేలా రంగురంగుల చొక్కాల అలవాటు కూడా 1990లో ఇండోనేషియాలో ఆయనకి బహుమతిగా ఇచ్చిన బాతిక్‌తోనే మొదలైందంటారు. పొట్టి చేతులది మాత్రం మామూలు రోజులకే, పెళ్ళికి వేసుకెళ్ళి నేను ఒకసారి ఫోటోలో వెనక వరసకి పోయాను.

ఇక్కడి చలికి ఏం చేస్తానంటే, లోపల సన్నటి ఉన్ని బనీను, పైన బాతిక్ చొక్కా, గుండీలు పెట్టకుండా జాకెట్ లాగా వదిలేస్తాను. సోలో గోధుమ రంగు సోగన్ అయితే ముదురు కోటు కింద చక్కగా కుదురుతుంది. మీరు ఇక్కడికి రాకపోయినా ఊటీకి పనికొస్తుంది.

ఉతకడం గురించి ఎవరూ చెప్పలేదు. డిటర్జెంట్ వద్దు, ముఖ్యంగా సహజ రంగులకి. జావా వాళ్ళు లెరక్ అనే కాయ నురగతో ఉతుకుతారు. మా అత్తగారు చూడ్డానికొచ్చినప్పుడు ఆ సీసా వాసన చూసి 'ఇది కుంకుడుకాయ కదరా' అంది. నిజమే, ఆ జాతి కాయే. ఆవిడ ఊరి నుంచి సంచీడు తెచ్చింది, ఇప్పటికీ దాంతోనే. నీడన ఆరెయ్యండి, ఇస్త్రీ తిరగేసి చెయ్యండి, వాషింగ్ మెషీన్ వైపు మాత్రం పోనివ్వకండి.

కొత్త_జకార్తా:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నిన్న రాత్రి పదకొండూ నేల మీద పరిచి తిప్పి చూశాను. సోలోవి ఆరింట్లో రెండు ప్రింటు అని తేలింది, ఒకటి తులిస్ అని చెప్పి అమ్మాడు. పోనీలెండి, ఆ రెండూ దస్తర్ కుట్టించేస్తా, ఇక్కడి ఆడవాళ్ళ నైటీ అదే కదా, ఇంట్లో వేసుకోవడానికి ఇంకేం కావాలి. స్లోబోగ్ లేదు, హమ్మయ్య. ఉలోస్ మడిచి దాచాను, ఎప్పుడు కప్పుకోవచ్చో ఆ అమ్మాయినే అడుగుతా. సుంబాది మాత్రం ఇవాళ మీటింగ్‌లో కప్పుకుని కూర్చున్నాను, ఏసీ చలికి అందరూ వణుకుతుంటే నేను హాయిగా ఉన్నా.

కైన్ చుట్టుకుని కూడా చూశాను. నిలబడితే బాగానే ఉంది, సోఫాలో కూర్చుని లేచేసరికి నడుం దగ్గర ఊడిపోయింది. చీరకైతే లంగా బొందు ఉంటుంది, దీనికి దేన్ని పట్టుకుని దోపుకోవాలి?

పద్నాలుగేళ్ళ_జావా:

ఉత్త గుడ్డే చుట్టుకున్నావా! నాలుగు వేళ్ళ వెడల్పు ఎలాస్టిక్ బెల్టు అమ్ముతారు, ఏ బజార్లో అడిగినా ఇస్తారు. లోపల సైకిల్ షార్ట్స్, పైన బెల్టు బిగించి, కొస దగ్గర పెద్ద పిన్నీసు. మొదటి వారం రెండు పిన్నీసులు పెట్టుకో.