అప్‌డేట్: నవలలు పక్కనపెట్టిన నెల రోజులు

నవలలు కాని పుస్తకం పట్టుకుంటే పది పేజీలకే నిద్ర ముంచుకొస్తోందని నెల కిందట ఇక్కడ అడిగితే, మన సీమ చరిత్రతో మొదలుపెట్టి, పెన్సిల్ చేతబట్టి చదవమని మీలో ఒకరు సూచించారు. కడప బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చొని నాలుగు పుస్తకాలు మొదలుపెట్టి, రెండు పూర్తిచేశాను. ఆర్థికశాస్త్రాన్ని మాత్రం నలభయ్యో పేజీ దగ్గర, సిగ్గుపడకుండానే, మూసేశాను.

1800లో నిజాం మన సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేయడం, దత్తమండలాలన్న ఆ పేరు పోయి 1928 నాటి నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు రావడం బడిలో చదివినవే అయినా, అప్పటి కలెక్టరు మన్రో కాలపు రైతువారీ పద్ధతి, అంటే జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టడం, ఇప్పుడే అర్థమై, మా తాతగారి పెట్టెలోని పాత శిస్తు రసీదును తీసి, చీమలబారులాంటి ఆ గొలుసుకట్టు రాతను భూతద్దంతో గంటసేపు కూడబలుక్కున్నాను. నిద్ర ఇంకా వస్తూనే ఉంది, కాకపోతే ఇరవయ్యో పేజీకి.