చలికి నల్లబడిన తులసి, కరివేపాకు మళ్ళీ చిగురిస్తాయా?

అందరికీ నమస్కారం. మాది పలమనేరు. తిరుపతిలా కాదండి, ఎత్తు మీద ఉన్న ఊరు కాబట్టి సంక్రాంతి ముందు చలి గట్టిగానే ఉంటుంది. ఈసారి వారం రోజులు వరసగా మంచు పడేసరికి మిద్దె మీద కుండీల్లోని తులసి, కరివేపాకు, తమలపాకు తీగ మూడూ దెబ్బతిన్నాయి.

తమలపాకు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. తులసి గురించే నా బాధంతా. మా అమ్మ పోయే ముందు ఏడాది తన చేత్తో నాటిన మొక్క అది. ఆకులన్నీ నల్లగా ముడుచుకుని, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. కానీ మొదలు దగ్గర గోటితో కొంచెం గీరి చూస్తే బెరడు కింద ఇంకా పచ్చగానే ఉంది. కరివేపాకేమో ఆకంతా రాల్చేసి మోడులా నిలబడింది.

ఎండిన కొమ్మలు ఇప్పుడే కత్తిరించాలా, చలి తగ్గేదాకా ఆగాలా? కత్తిరిస్తే వచ్చే లేత చిగురు మళ్ళీ చలికి మాడిపోతుందేమోనని టెన్షన్. మా అత్తమ్మ పులిసిన మజ్జిగ నీళ్ళల్లో కలిపి పోయమంటారు, పక్కింటి అక్క కట్టెల బూడిద చల్లమంటుంది. రెండూ చేయొచ్చా? ప్రస్తుతానికి రాత్రిళ్ళు పాత చీర కప్పుతున్నా. పొద్దున ఎండ వచ్చాక, అదీ మట్టి ఆరితేనే నీళ్ళు పోస్తున్నా. ఇలాంటి మొక్కను బతికించుకున్నవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.