ఎన్‌ఐఎస్‌ఎం ఎక్స్-ఏ కి ఆరు వారాలు సరిపోతాయా?

నమస్తే అండీ. మాది కాకినాడ, బీమా ఏజెన్సీ చూసుకుంటాను. ఎన్‌ఐఎస్‌ఎం (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్) పెట్టే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ లెవల్ 1 పరీక్షకి, అదే ఎక్స్-ఏకి, ఇంకా ఆరు వారాలుంది. వర్క్‌బుక్ రోజుకి పదేసి పేజీలు చదువుదామని మొదలుపెడితే నాలుగో రోజుకే ఆగిపోయింది. పొద్దున గంటన్నర, ఆదివారం నాలుగు గంటలు కుదురుతాయి. ఎలా చదవమంటారు?

— పేజీల లెక్క వదిలేయండి, నేనూ అలాగే చదివి మొదటిసారి 87 దగ్గర ఆగిపోయాను. మొత్తం 150 మార్కులు, 60 శాతం అంటే 90 రావాలి, మూడు గంటల టైము. అందులో 60 మార్కులు కేస్‌లెట్‌లవే (ఒక చిన్న కేసు ఇచ్చి దాని మీద కొన్ని ప్రశ్నలు అడుగుతారు), నేను వాటి దగ్గరికొచ్చేసరికి అరగంటే మిగిలింది. అందుకే మొదటి రెండు వారాలు టైమ్ వాల్యూ లెక్కలు (కాలంతో డబ్బు విలువ ఎలా మారుతుందో చూసేవి), తర్వాత రెండు వారాలు మ్యూచువల్ ఫండ్లు, బాండ్లు, పోర్ట్‌ఫోలియో పెట్టుకోండి. రూల్స్, నిబంధనలు ముందు చదివితే మర్చిపోతాం, ఐదో వారానికి ఉంచండి. ఆఖరి వారమంతా మాక్ టెస్టులే. బీమాలో ఉన్నారు కాబట్టి రిస్కు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, అక్కడ ఓ రెండ్రోజులు మిగులుతాయి.

— థాంక్సండీ. కానీ లెక్కలంటేనే నాకు టెన్షన్.

— ఫార్ములా బట్టీ పట్టకండి, ఒకే లెక్కని రెండు రకాలుగా చేసి చూడండి. నెలకి 5,000, నెలకి 1 శాతం రాబడి, ఏడాదికి ఎంతవుతుంది? నెలాఖరున కడితే 63,413. అదే ఒకటో తారీఖున కడితే 64,047. ప్రశ్నలో ఆ ఒక్క ముక్క చూసుకోకపోతే ఆప్షన్లలో రెండో జవాబు కూడా కూర్చునుంటుంది, హాయిగా దాన్నే టిక్ చేసి వస్తాం. అలాగే 8 శాతం రాబడి, 6 శాతం ద్రవ్యోల్బణం అంటే నిజమైన రాబడి 2 కాదు, 1.89.

— తెలియని ప్రశ్న వదిలేయాలా అండీ? నెగెటివ్ ఉందిగా.

— తప్పుకి ఆ ప్రశ్న మార్కులో పావు వంతు పోతుంది. నాలుగింట్లో రెండు కావని ఖాయంగా తెలిస్తే పెట్టేయండి, నష్టం లేదు. రెండు మార్కుల కేస్‌లెట్‌లో మాత్రం చేతికొచ్చింది నొక్కకండి, అక్కడ తప్పుకి అర మార్కు పోతుంది. ఇంకోటి, ఎక్స్-బీ (లెవల్ 2 పరీక్ష) వర్క్‌బుక్ కూడా దొరుకుతోంది కదా అని ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోకండి, ఇది సగంలో ఉండగా దాన్ని తిరగేయాలనిపిస్తుంది.